మూడొందల పుస్తకం, పాతికవేల పాఠం

ఆ పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. స్టోర్‌రూములో బియ్యం డబ్బాకి చెమ్మ తగలకుండా మా అత్తగారు దాన్ని అడుగున పెట్టారు. లావుగా, గట్టి అట్టతో ఉంటుంది కదా, ఆ పనికి బాగానే పనికొస్తోంది. నేను మాత్రం దాన్ని చదువుకోవడానికే కొన్నాను. 2024 ఏప్రిల్‌లో అక్కావాళ్లింటికి హైదరాబాద్ వెళ్లినప్పుడు, ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య కనిపించింది. అట్ట మీద 'సీసీఎన్ఏ' అని పెద్ద పెద్ద అక్షరాలు. అయిదొందలు చెప్పాడు, మూడొందలకి బేరమాడాను. బేరం కుదిరిందన్న సంబరంలో అది ఏ సంవత్సరంలో అచ్చయిందో చూసుకోలేదు.

చీర కొంటే అంచు తిరగేసి చూస్తాం. వంకాయ కొంటే పుచ్చుందేమోనని తిప్పితిప్పి చూస్తాం. చదువుకునే పుస్తకం దగ్గరికొచ్చేసరికి నేను ధర ఒక్కటే చూశాను. నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు ఈ సీసీఎన్ఏ ఏమిటో చెప్పాలి. బ్యాంకులో, ఆస్పత్రిలో, కాలేజీలో ఒక కంప్యూటర్ ఇంకోదానితో మాట్లాడాలంటే మధ్యలో స్విచ్‌లు, రౌటర్లు ఉంటాయి. వాటిని అమర్చడం, పాడైతే బాగుచేయడం తెలుసని నిరూపించే పరీక్ష ఇది. సిస్కో కంపెనీ 1998 నుంచి నిర్వహిస్తోంది. ఈ రంగంలో అడుగు పెట్టేవాళ్లకి ఇది మొదటి మెట్టు లాంటిది. డిగ్రీలో ఏ గ్రూపు చదివారన్నదానితో పని లేదు, వయసుకి పై హద్దూ లేదు. నన్ను ఆకర్షించింది ఈ రెండో మాటే. బీఎస్సీ కంప్యూటర్స్ చేసి, రెండేళ్లు ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పి, 2006లో పెళ్లయ్యాక మానేసినదాన్ని. మాది తెనాలి. బాబు ఇంటర్‌లోకొచ్చాక, ఊరికి దగ్గర్లో ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ ల్యాబ్ చూసుకోవడానికి మనిషి కావాలని తెలిసింది. 'సీసీఎన్ఏ ఉంటే చూద్దాం' అన్నారు వాళ్లు. పద్దెనిమిదేళ్ల తర్వాత ఒకరు నాతో 'చూద్దాం' అనడమే నాకు పెద్ద మాటయింది.

సరే, పుస్తకం తెచ్చుకున్నాను. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, పాలు వచ్చేలోగా గంటన్నర చదివేదాన్ని. అందులో 'ఫ్రేమ్ రిలే' అని ఒక అధ్యాయం. అర్థం కాక, మళ్లీ చదివి, నోట్సు రాసి, మూడు వారాలు దాని మీదే కూర్చున్నాను. మే నెలలో అక్క కూతురు వచ్చింది. అది హైదరాబాద్‌లో ఇదే రంగంలో పనిచేస్తోంది. నా నోట్సు చూసి, "పిన్నీ, ఇదెందుకు చదువుతున్నావు? ఇది సిలబస్‌లోంచి తీసేసి ఏళ్లయింది" అంది. నాకు నోట మాట రాలేదు. పుస్తకం 2013 నాటిది. ఆ తర్వాత పరీక్ష 2016లో ఒకసారి మారింది, 2020 ఫిబ్రవరి 24న పూర్తిగా మారి 200-301 అనే నంబరుతో వచ్చింది. నేను బట్టీ పట్టినవాటిలో సగం ఎవరూ అడగరు. అడిగేవాటిలో వైర్‌లెస్, ఆటోమేషన్ లాంటివి నా పుస్తకంలో లేనే లేవు.

మూడొందలు పోతే పోయాయి. మూడు వారాల తెల్లవారుజాములు పోయాయే, వాటికి నేను ఏడ్చాను.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ ఏడాది మా బాబు కోచింగ్‌కి కట్టిన ఫీజు లక్ష దాటింది. కట్టేటప్పుడు మావారు గాని నేను గాని ఒక్క నిమిషం ఆలోచించలేదు. వాడి పుస్తకాలు కొత్తవి, వాడి టేబుల్ లైటు కొత్తది. నా చదువుకి మాత్రం నేనే వెళ్లి పాత పుస్తకం వెతుక్కున్నాను. వద్దని ఎవరూ అనలేదు. మావారు "కొత్తది కొనుక్కోరాదూ" అని కూడా అన్నారు. 'ఎందుకులెండి, దీంతో సరిపెట్టుకుంటా' అన్నది నేనే. కూర తక్కువైతే చారుతో సరిపెట్టుకోవడం అలవాటైపోయి, చదువులో కూడా అదే చేశాను. పరీక్ష తప్పితే 'ఈ వయసులో ఇవన్నీ ఎందుకు' అని ఎవరైనా అంటారేమో, అప్పుడు కనీసం ఎక్కువ ఖర్చు పెట్టలేదని చెప్పుకోవచ్చని లోలోపల ఒక లెక్క. ఓడిపోతామని ముందే అనుకుని కొన్న పుస్తకం ఎలా గెలిపిస్తుంది, మీరే చెప్పండి?

అక్క కూతురు ఆ రోజు చేసిన మంచి పని ఒకటే. ఏ పుస్తకం పేరూ చెప్పలేదు. సిస్కో వాళ్ల సైట్లోంచి పరీక్ష సిలబస్ కాగితాలు తీసి, ప్రింటు తీయించి చేతిలో పెట్టింది. అది ఉచితం, కొన్ని పేజీలే. "పిన్నీ, ముందు ఇది చదువు, పుస్తకం తర్వాత" అంది. బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్నాను. ఆరు భాగాలు. నెట్‌వర్క్ మూల సూత్రాలకి 20 శాతం, స్విచ్‌లు, వైర్‌లెస్ ఉండే నెట్‌వర్క్ యాక్సెస్‌కి 20, రౌటింగ్‌కి 25, ఐపీ సేవలకి 10, భద్రతకి 15, ఆటోమేషన్‌కి 10. ప్రతి భాగం కిందా ఏమేం రావాలో వరస. ఆ వరసలో వాడిన క్రియలు చూడండి. ఒకచోట 'వివరించండి' అని ఉంటుంది, ఇంకోచోట 'కాన్ఫిగర్ చేయండి' అని ఉంటుంది. మొదటిదానికి చదివితే చాలు. రెండోదానికి చేతులతో చేసి ఉండాలి. ఈ తేడా ఏ కోచింగ్ కరపత్రమూ నాకు చెప్పలేదు.

ఈ కాగితం చేతిలో ఉంటే ఎవరూ మనల్ని మోసం చేయలేరు. ఏ పుస్తకం అట్టయినా ఎంత మెరిసినా, విషయసూచిక తెరిచి, పక్కన ఈ కాగితం పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ పోవడమే. 2024 ఆగస్టు 20 నుంచి ఇదే పరీక్షకి 1.1 అనే సవరణ అమల్లోకొచ్చింది. కృత్రిమ మేధ గురించి కొంచెం కలిపారు, టెర్రాఫామ్ అనే పనిముట్టు పేరు చేర్చి, పప్పెట్, షెఫ్ అనే రెండింటిని తీసేశారు. మార్పు చిన్నదే. కానీ దుకాణంలో రెండు ఎడిషన్లు పక్కపక్కనే ఉంటాయి, పాతదానికి తగ్గింపు ఉంటుంది, మన చెయ్యి దానిమీదకే పోతుంది! మీరు మొదలుపెట్టే రోజుకి సిలబస్ మళ్లీ మారి ఉండొచ్చు కాబట్టి కొనబోయే ముందు ఆ కాగితాన్ని మళ్లీ తీసి చూసుకోండి.

ఇక పుస్తకం. వెండెల్ ఓడమ్ అనే ఆయన రాసిన రెండు సంపుటాలు ఉన్నాయి. సిస్కో ప్రెస్ వేసింది. రెండూ కలిపితే వెయ్యి పేజీలు దాటుతాయి. నవల్లా చదివించే పుస్తకం కాదు. కానీ ఏ విషయమూ వదలడు, అధ్యాయం మొదట్లోనే చిన్న క్విజ్ పెడతాడు. అవి వచ్చేస్తే ఆ అధ్యాయం పైపైన చూసుకుని ముందుకు పోవచ్చు. సమయం లేని ఆడవాళ్లకి ఇది వరం. టాడ్ లామ్లే రాసింది మాటల్లో చెప్పినట్టు ఉంటుంది. కొందరికి అదే నచ్చుతుంది. ఏదైనా ఒకటే పట్టుకోండి. ఒక పుస్తకంలో మూడో అధ్యాయం, ఇంకోదానిలో అయిదో అధ్యాయం, మధ్యలో ఎవరో పంపిన పీడీఎఫ్... ఇలా పది ఇళ్లలో పది ముద్దలు తింటే కడుపు నిండదు.

వీడియోల సంగతి. 'జెరెమీస్ ఐటీ ల్యాబ్' అని యూట్యూబ్‌లో సీసీఎన్ఏ మొత్తం ఉచితంగా చెప్పే కోర్సు ఉంది. ఇంగ్లిషే గాని నిదానంగా చెబుతాడు. ఒక్కో పాఠానికీ సాధన చేసుకునే ల్యాబ్ ఫైలూ, తిరగేసుకునే ఫ్లాష్ కార్డులూ ఇస్తాడు. కూరలు తరుగుతూ విన్నాను, బట్టలు ఆరేస్తూ విన్నాను. తెలుగులో చెప్పేవాళ్లూ ఉన్నారు. మొదటిసారి అర్థం కావడానికి మన భాషే మేలు. పరీక్ష మాత్రం తెలుగులో లేదు కనుక రెండోసారి ఇంగ్లిషులో చదవక తప్పదు.

వీడియోతో ఒక చిక్కుంది. చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. టీవీలో వంట చూసి మైసూర్‌పాక్ వచ్చేసిందనుకోవడం లాంటిదే. మూకుడు పెట్టి పాకం పడితే గాని తెలియదు. అందుకు ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా ఇస్తారు. మామూలు ల్యాప్‌టాప్ చాలు. తెరమీదే స్విచ్‌లు, రౌటర్లు పెట్టుకుని, కేబుళ్లు కలిపి, కమాండ్లు కొట్టి చూసుకోవచ్చు. 'పాత స్విచ్‌లు కొనుక్కోండి, ఇరవై వేలకి సెట్ ఇస్తాం' అని ఒకాయన నాకు చెప్పాడు. ఈ పరీక్షకి అవి అక్కర్లేదు.

ఆ ప్యాకెట్ ట్రేసర్‌లోనే నాకు చదువు మీద ప్రేమ పుట్టింది. ఒక ఉదాహరణ చెబుతాను. ఆఫీసులో రెండు స్విచ్‌ల మధ్య ఒకే తీగ ఉంటే, అది తెగితే పని ఆగిపోతుంది. అందుకని రెండో తీగ కూడా వేస్తారు. వేస్తే ఇంకో గండం. ఒక స్విచ్ 'అందరికీ' అని పంపిన కబురు రెండో తీగ గుండా తిరిగి దాని దగ్గరికే వస్తుంది, మళ్లీ వెళుతుంది, మళ్లీ వస్తుంది. మా వీధిలో పుకారులాగా. ఇటు చివర బయల్దేరింది అటు చుట్టి మన గుమ్మానికే వచ్చి, కొత్త వార్త అనుకుని మనమే మళ్లీ పంపిస్తాం చూడండి, అలా. నిమిషం తిరక్కుండానే నెట్‌వర్క్ అంతా మునిగిపోతుంది. దీనికి విరుగుడుగా స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని రెండో తీగని మూసి ఉంచుతాయి. మొదటిది తెగితే తెరుస్తాయి. దీన్ని స్పానింగ్ ట్రీ అంటారు. తెరమీద ఒక తీగ తీసేసి చూస్తూ కూర్చున్నాను. నారింజ రంగులో ఉన్న రెండో దీపం అర నిమిషానికి ఆకుపచ్చగా మారింది. పొద్దున్నే ఒక్కదాన్నీ చప్పట్లు కొట్టాను. మావారు లేచి వచ్చి ఏమైందన్నారు.

ఆ పద్ధతిని కనిపెట్టింది రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ. 1985లో, అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేస్తుండగా. వాళ్లమ్మ కూడా ప్రోగ్రామరే. ఆవిణ్ణి ఇంటర్నెట్‌కి అమ్మ అని పిలుస్తుంటారు, ఆవిడకా పిలుపు అంత ఇష్టం లేదట. ప్రపంచంలోని ఆఫీసుల్లో ఇన్ని స్విచ్‌లు ఒక ఆడమనిషి ఆలోచన మీద నడుస్తున్నాయని నేను చూసిన ఏ కోచింగ్ కరపత్రంలోనూ లేదు. వాటి మీద టై కట్టుకున్న కుర్రాళ్ల ఫొటోలే ఉంటాయి.

ఇంత చెప్పిన దాన్ని, మళ్లీ అదే తప్పు చేశాను. ఓడమ్ పుస్తకం కొత్త ఎడిషన్ కొనేటప్పుడు మొదటి సంపుటం ఒక్కటే కొన్నాను. 'రెండోది తర్వాత చూద్దాం, మిగతాది వీడియోల్లో అయిపోతుందిలే' అనుకున్నాను. కొనకుండా మిగుల్చుకున్నది వెయ్యి చిల్లర. వైర్‌లెస్, భద్రత, ఐపీ సేవలు, ఆటోమేషన్ ఉండేది ఆ రెండో సంపుటంలోనే. 2025 జనవరిలో పరీక్షకి వెళ్లాను. ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. మన డబ్బుల్లో పాతికవేలు దాటింది. నూట ఇరవై నిమిషాలు. ఒక ప్రశ్న దాటి ముందుకి వెళితే వెనక్కి రావడానికి లేదు. రాయడమే కాదు, కమాండ్లు కొట్టి చేసి చూపించేవీ ఉంటాయి. బయటికొచ్చాక ఇచ్చిన కాగితంలో 'ఫెయిల్' అని ఉంది. ఏ భాగంలో ఎంత శాతం వచ్చిందో కూడా ఉంటుంది. రౌటింగ్‌లో బాగా వచ్చింది. ఆటోమేషన్‌లో 20 శాతం. భద్రతలోనూ అంతంతమాత్రమే. సరిగ్గా ఏ సంపుటం కొనలేదో ఆ సంపుటం తప్పింది!

విజయవాడ నుంచి తెనాలి రైల్లో వస్తూ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పాతికవేలంటే మా ఇంట్లో రెండు నెలల కిరాణా. ఇంటికొచ్చి చెబితే మావారు ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉంది. అత్తగారు మాత్రం "మా తమ్ముడు మెట్రిక్ మూడుసార్లు రాశాడే. అన్నం తిను" అన్నారు.

ఆ వారంలోనే మావారి స్నేహితుడి తమ్ముడు వచ్చాడు. మంచి కుర్రాడు, సాయం చేద్దామనే వచ్చాడు. "అక్కా, ఎందుకింత కష్టపడుతున్నారు? ఇవి చదవండి, వారంలో పాసవుతారు. అందరూ చేసేదిదే" అని ఒక జిరాక్స్ కట్ట ఇచ్చి వెళ్లాడు. వీటిని 'డంప్స్' అంటారు. పరీక్ష రాసినవాళ్లు గుర్తుపెట్టుకొచ్చిన అసలు ప్రశ్నలు, జవాబులతో సహా. అమీర్‌పేటలో తిరిగినవాళ్లకి ఈ మాట కొత్త కాదు.

అబద్ధం చెప్పను. ఆ కట్ట ఒక రాత్రంతా నా టేబుల్ మీదే ఉంది. పాతికవేలు పోగొట్టుకున్న మనిషికి వారంలో పాస్ అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో మీకు తెలియనిది కాదు. 'ఆ రేడియా పెర్ల్‌మన్‌కేం తెలుసు నా కిరాణా లెక్క' అనుకున్నాను కూడా. పొద్దున్న తెరిచాను. నాలుగో పేజీలో ఒక లెక్క. ఒక నెట్‌వర్క్‌ని స్లాష్ 26గా విడగొడితే ఒక్కో ముక్కలో ఎన్ని కంప్యూటర్లు పెట్టొచ్చు అని. జవాబు 64 అని టిక్కు పెట్టి ఉంది. అది తప్పు. చిరునామాలు 64 ఉంటాయి, నిజమే. కానీ మొదటిది ఆ ముక్కకి పేరుగా, చివరిది అందరినీ ఒకేసారి పిలవడానికి పోతాయి. మిగిలేవి 62. వెంచర్‌లో ప్లాట్లు లెక్కపెట్టేటప్పుడు రోడ్డుకి వదిలింది తీసేయమూ? ఈ లెక్క నేను కనీసం వందసార్లు చేశాను. ఎవరు రాశారో తెలియని కాగితాన్ని, నాకు బాగా తెలిసిన విషయంలోనే తప్పు చెబుతున్నదాన్ని, తెలియని విషయాల్లో ఎలా నమ్మడం?

ఇది ఒక కారణం. రెండోది మా వీధిలో అమ్మాయి. పేరెందుకులెండి. నాన్న ఆటో నడుపుతాడు. అప్పు చేసి హైదరాబాద్‌లో ఒక సంస్థలో చేర్పించాడు, 'పాస్ గ్యారంటీ' అన్నారని. నెలలో పాసయింది. వీధంతా మిఠాయి పంచారు. ఇంటర్వ్యూలో ఒకటే అడిగారట. 'ఆఫీసులో ఒక కంప్యూటర్‌కి నెట్ రావట్లేదు, పక్కదానికి వస్తోంది. ముందు ఏం చూస్తావు?' నాలుగు ఆప్షన్లు లేని ప్రశ్న ఆ పిల్ల అంతవరకూ చూడలేదు. మూడు చోట్ల ఇదే జరిగింది. నా దగ్గరకొచ్చి, "ఆంటీ, నాకు సర్టిఫికెట్ ఉందిగాని ఏమీ రాదు" అని ఏడ్చింది. తప్పు ఆ పిల్లది అనను. అప్పు తెచ్చిన డబ్బుకి జిరాక్స్ కాగితాలు చేతిలో పెట్టి, రౌటర్ ముందు ఒక్క రోజు కూడా కూర్చోబెట్టని వాళ్లది. డంప్స్ వాడినట్టు తేలితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేయొచ్చు, మళ్లీ పరీక్షలు రాయకుండా నిషేధించొచ్చు. నియమాల్లో ఉన్న మాటే ఇది. అయితే ఆ పిల్లకి పడిన శిక్ష దానికంటే పెద్దది.

'అందరూ చేసేదిదే' అన్న మాట గురించి కూడా చెప్పాలి. అబ్బాయిలు ఒకసారి దొడ్డిదారిన లోపలికెళ్తే అక్కడున్న సీనియర్ల పక్కన కూర్చుని, టీ తాగుతూ, రాత్రిళ్లు ఉండిపోయి పని నేర్చుకుంటారేమో. నేను పదేళ్లో పదిహేనేళ్లో ఇంట్లో ఉండి వెళ్తున్నదాన్ని. నా మీద మొదటి రోజు నుంచే కళ్లుంటాయి. 'ఈవిడకి వచ్చా' అని చూసేవాళ్ల ముందు నాకు అరువు తెచ్చుకున్న జవాబు పనికిరాదు. సాయంత్రం అయిదున్నరకి ఇంటికి బయల్దేరాల్సిన మనిషికి పని ముందే వచ్చి ఉండాలి.

కట్టని ఆ కుర్రాడికే తిరిగిచ్చేశాను. రెండో సంపుటం తెప్పించుకున్నాను. ఫెయిలయితే మళ్లీ రాయడానికి అయిదు రోజులు ఆగితే చాలు, నేను మూడు నెలలు ఆగాను. ఈసారి నమూనా పరీక్షలకి కూడా డబ్బు పెట్టాను. బోసన్ అనే కంపెనీవి. డంప్స్‌కీ వీటికీ తేడా ఏమిటంటే, ఇవి అసలు ప్రశ్నలు కావు, వాళ్లు సొంతంగా తయారుచేసినవి. ప్రతి జవాబు కిందా అది ఎందుకు ఒప్పో, మిగతా మూడూ ఎందుకు తప్పో అరపేజీ రాస్తారు. ఆ అరపేజీల కోసమే డబ్బిచ్చాను. మొదటిసారి రాస్తే సగం కూడా రాలేదు. తప్పిన ప్రశ్నకి సంబంధించిన అధ్యాయం తీయడం, ప్యాకెట్ ట్రేసర్‌లో అదే అమర్చి చూడడం, అత్తగారికి తెలుగులో చెప్పడం. ఆవిడకి అర్థమైతే నాకు వచ్చినట్టు. డీహెచ్‌సీపీ అంటే కల్యాణమండపంలో విడిది గదుల తాళాలు ఇచ్చే మనిషి అని ఆవిడే తేల్చారు. వచ్చినవాళ్లకి ఖాళీ గది ఇచ్చి, వెళ్లాక తాళం వెనక్కి తీసుకుంటాడు. ఏ పుస్తకంలోనూ ఇంత బాగా లేదు.

డబ్బు నిజంగానే లేనివాళ్ల మాటేమిటని అడగొచ్చు. సిలబస్ కాగితం ఉచితం, ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, వీడియోలు ఉచితం. ఈ మూడింటితో చాలా దూరం వెళ్లొచ్చు. పుస్తకం ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవచ్చు. నేను వద్దంటున్నది పొదుపుని కాదు. పాతికవేల ఫీజు కట్టే పరీక్షకి వెయ్యి రూపాయల దగ్గర వెనకాడడాన్ని. కోచింగ్‌కే వెళ్లాలనుకుంటే, చేరే ముందు ఒక్కటి అడగండి. 'ల్యాబ్‌లో నా చేత్తో ఎన్ని గంటలు చేయిస్తారు?' అని. 'పాస్ గ్యారంటీ' అని జవాబొస్తే లేచి వచ్చేయండి. సీసీఎన్ఏ వస్తే ఉద్యోగం నడుచుకుంటూ ఇంటికొస్తుందని నమ్మకండి కూడా. ఈ రంగంలో మొదట్లో దొరికే పనులు చాలావరకు షిఫ్టులవి, రాత్రిళ్లు కూడా పడతాయి. ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

ఇంట్లో కూర్చునే ఈ పరీక్ష రాసే వీలుంది. మనకి సౌకర్యమే అనిపిస్తుంది. కానీ నియమాలు చదవండి. గది తలుపు వేసి ఉండాలి, రాస్తున్నంతసేపూ ఇంకో మనిషి లోపలికి రాకూడదు. కెమెరాలోంచి చూస్తుంటారు. వస్తే పరీక్ష అక్కడితో రద్దు. మా ఇంట్లో రెండు గంటలు ఏ తలుపూ తెరుచుకోకుండా ఉండడం నేను కాపురానికొచ్చాక జరగలేదు. గ్యాస్ బండ వస్తుంది, పాల లెక్క వస్తుంది, ఏదీ రాకపోతే అత్తగారికి కళ్లజోడు కనపడదు. అందుకే రెండుసార్లూ విజయవాడ కేంద్రానికే వెళ్లాను.

2025 ఏప్రిల్‌లో పాసయ్యాను. జూన్ నుంచి ఆ కాలేజీ ల్యాబ్ చూసుకుంటున్నాను. జీతం గొప్పగా లేదు. మొదటి వారంలోనే ఒక గదిలో ఇరవై కంప్యూటర్లకి నెట్ పోయింది. ఎవరో కుర్రాడు స్విచ్‌లో ఖాళీగా ఉందని ఒక కేబుల్ రెండు చివర్లూ అదే వరసలో గుచ్చేశాడు. ఆ స్విచ్ చవకరకం, స్పానింగ్ ట్రీ లేనిది. దీపాలన్నీ ఒకేసారి టపటపా కొట్టుకుంటుంటే చూడగానే తెలిసిపోయింది, మా వీధి పుకారే ఇది. కేబుల్ పీకేశాను.

ఈ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. 2028లో దాన్ని మళ్లీ పొడిగించుకోవాలి, అప్పటికి ఈ పుస్తకాలు పాతబడతాయి. అందుకని ఇప్పుడే మా వీధి అమ్మాయికి ఇచ్చేశాను. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో '2024 ఎడిషన్, సిలబస్ చూసుకుని చదువు' అని రాసి మరీ ఇచ్చాను. ఆ పిల్ల రోజూ సాయంత్రం ఆరింటికి మా ఇంటికొస్తోంది. నిన్న స్లాష్ 26 లెక్క చేయించాను. 62 అంది.